గర్భఫలం కోసం ప్రార్థించే ఇంట తెలియవలసిన సూక్ష్మజీవుల సంగతి

ఆదివారం ఆరాధన ముగిశాక ప్రార్థన విన్నపాల చీటీలు విప్పి చూస్తే, ఏ సంఘంలోనైనా ఒకటి రెండు చీటీల మీద ఒకే మాట ఉంటుంది: గర్భఫలం. చాలాసార్లు చీటీ మీద పేరు ఉండదు. జహీరాబాద్ పట్టణంలోనూ, చుట్టూ ఉన్న కోహీర్, న్యాల్‌కల్, ఝరాసంగం, మొగుడంపల్లి మండలాల పల్లె సంఘాల్లోనూ ఇదే మాట. ప్రతి నవంబరులో ధారూరు జాతరకు బయలుదేరే వాహనాల్లో ఈ ఒక్క విన్నపంతోనే వెళ్లే దంపతులు తప్పక ఉంటారు.

మనం వారి కోసం ప్రార్థిస్తాం. మంచిదే. అయితే ప్రార్థించిన ఆ నోటితోనే ఇంకో మాట కూడా అడుగుతాం. "ఏమన్నా విశేషమా బిడ్డా?" అని గుడి మెట్ల మీదే కోడలిపిల్లను నిలదీస్తాం. కొడుకును అడగం. మరీ కాలం గడిస్తే ఏ శాపమో, ఏ పాపమో అని గుసగుసలు మొదలవుతాయి.

ఇప్పుడు మన పల్లెల నుంచి కూడా దంపతులు హైదరాబాదు దాకా వెళ్లి ఐవీఎఫ్ చేయించుకుంటున్నారు. వంద కిలోమీటర్ల ప్రయాణం, పోయిన కూలి రోజులు, తాకట్టు పెట్టిన బంగారం, వడ్డీకి తెచ్చిన లక్షలు. ఇంత చేసినా కొందరికి ఫలితం రాదు. "పిండం బాగానే ఉంది, గర్భసంచిలో పెట్టాం, నిలవలేదు" అంటారు వైద్యులు. ఎందుకు నిలవలేదు? ఈ ప్రశ్నకు కారణాలు చాలా ఉంటాయి. స్త్రీ వయస్సు, అండాల నాణ్యత, పిండంలోని క్రోమోజోముల లోపాలు అన్నిటికంటే ముందు వస్తాయి. వాటితోపాటు గత పదిహేనేళ్లుగా పరిశోధకులు శ్రద్ధగా చూస్తున్న మరో కారణం ఉంది. అదే స్త్రీ జననాంగాల్లో నివసించే సూక్ష్మజీవులు. వీటి గురించి తెలిసింది ఎంత, ఇంకా తేలనిది ఎంత, మన ప్రాంతంలో ఏది నిజంగా ముఖ్యం అన్నది సంఘానికి తెలియాలి. తెలియకపోతే ఒక పక్క నింద, ఇంకో పక్క వృథా ఖర్చు మన కుటుంబాలను నలిపేస్తాయి.

మేలు చేసే సూక్ష్మజీవులు

బాక్టీరియా అనగానే రోగమని అనుకుంటాం. పాలలో తోడు వేస్తే పెరుగు అయ్యేది కూడా బాక్టీరియా వల్లనే. ఆ కుటుంబానికే చెందిన లాక్టోబాసిల్లస్ అనే సూక్ష్మజీవులు ఆరోగ్యవంతులైన చాలామంది స్త్రీల యోనిలో సహజంగానే ఉంటాయి. 1892లో ఆల్బర్ట్ డోడర్లైన్ అనే జర్మన్ వైద్యుడు వీటిని మొదట వర్ణించాడు. ఇవి లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేస్తాయి. ఆ పులుపులో హాని చేసే క్రిములు బతకలేవు. మనకు తెలియకుండానే రాత్రింబవళ్లు కాపలా కాసే ఏర్పాటు అది. దేవుడు దేహాన్ని ఎంత వివరంగా నిర్మించాడో ఇందులోనూ కనిపిస్తుంది.

ఈ కాపలా బలహీనపడితే గార్డ్‌నెరెల్లా వంటి ఇతర బాక్టీరియా పెరుగుతాయి. దీన్ని వైద్యులు బాక్టీరియల్ వజైనోసిస్ అంటారు. కొందరికి పలుచని తెల్లబట్ట, చేపల వాసన వంటి దుర్వాసన ఉంటాయి. చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. ఇది పాపం వల్ల వచ్చేది కాదు. ఇది ఉన్నంత మాత్రాన ఆమె నడవడికను అనుమానించడానికి వీల్లేదు.

గర్భసంచి లోపల ఏ క్రిమీ ఉండదని వైద్యశాస్త్రం దాదాపు వంద ఏళ్లు నమ్మింది. జన్యు పరీక్షలు వచ్చాక అక్కడ కూడా అతి తక్కువ సంఖ్యలో బాక్టీరియా ఆనవాళ్లు ఉంటాయని తెలిసింది. అక్కడ హాని చేసేవి చేరితే గర్భసంచి లోపలి పొర వాచినట్లవుతుంది. రోగాలతో పోరాడే తెల్లకణాలు అక్కడ గుమికూడతాయి. పిండం వచ్చి అతుక్కోవలసిన నేల అలా ఉంటే దానికి నిలదొక్కుకోవడం కష్టమవుతుంది. పరిశోధకుల ఆలోచన ఇదే.

పరిశోధనలు ఏం చెప్పాయి

2016లో స్పెయిన్ దేశపు పరిశోధకులు ఐవీఎఫ్ చేయించుకుంటున్న 35 మంది స్త్రీల గర్భసంచి ద్రవాన్ని పరీక్షించారు. అందులోని బాక్టీరియాలో 90 శాతానికి పైగా లాక్టోబాసిల్లస్ ఉన్నవారిలో దాదాపు 59 శాతం మంది బిడ్డను కన్నారు. అంతకంటే తక్కువ ఉన్నవారిలో బిడ్డను కన్నది దాదాపు 7 శాతమే. అదే సంవత్సరం డెన్మార్క్‌లో జరిగిన మరో అధ్యయనంలో, యోనిలో బాక్టీరియా సమతుల్యత చెడిన 22 మందిలో ఇద్దరికి మాత్రమే గర్భం వచ్చింది. అక్కడ చికిత్స పూర్తిచేసుకున్న అందరినీ కలిపి చూస్తే ఆ సంఖ్య 35 శాతం.

ఈ అంకెలు చదివితే ఎవరికైనా ఆశ పుడుతుంది. చెడ్డ బాక్టీరియాను మందులతో చంపి, మంచి బాక్టీరియాను లోపల పెడితే బిడ్డలు పుడతారు కదా అనిపిస్తుంది. అయితే ఇవి చిన్న అధ్యయనాలు. రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని తేలిపోదు. పొగ ఉన్నచోట నిప్పు ఉండవచ్చు గాని, పొగను విసనకర్రతో విసిరినంత మాత్రాన నిప్పు ఆరదు.

డెన్మార్క్ పరిశోధకులు ఇక్కడ నిజాయితీగా ఒక పని చేశారు. తమ ఆలోచనను తామే పరీక్షకు పెట్టారు. బాక్టీరియా సమతుల్యత చెడిన 300 మందికి పైగా స్త్రీలను తీసుకుని, కొందరికి యాంటీబయాటిక్, ఆ తర్వాత లాక్టోబాసిల్లస్ ఇచ్చారు. కొందరికి యాంటీబయాటిక్ మాత్రమే ఇచ్చారు. మిగిలినవారికి మందు లేని ఉత్త గోళీలు ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ తెలియదు, వైద్యునికీ తెలియదు. చివరికి చూస్తే మూడు గుంపుల్లోనూ గర్భం వచ్చినవారి శాతం దాదాపు ఒకటిగానే ఉంది. మందు వల్ల అదనపు మేలు కనబడలేదు.

అందువల్ల పాఠకులు గుర్తుంచుకోవలసింది ఇది. జననాంగాల్లోని బాక్టీరియాకూ ఐవీఎఫ్ ఫలితానికీ సంబంధం ఉందని చెప్పడానికి ఆధారాలు ఉన్నాయి. ఆ సమతుల్యతను మందులతో సరిచేస్తే బిడ్డ పుడుతుందని చెప్పడానికి మాత్రం గట్టి ఆధారం ఇంకా లేదు. కాబట్టి "మైక్రోబయోమ్ పరీక్ష" పేరుతో ఎవరైనా వేల రూపాయలు అడిగితే, "ఈ పరీక్ష ఫలితాన్ని బట్టి నా చికిత్సలో ఏం మారుతుంది డాక్టర్ గారూ?" అని అడగండి. సూటిగా జవాబు రాకపోతే ఆ డబ్బు దాచుకోండి. మార్కు సువార్త 5వ అధ్యాయంలో పన్నెండేళ్ల రక్తస్రావంతో బాధపడిన స్త్రీ తనకున్నదంతా వైద్యులకే వ్యయం చేసి ఇంకా క్షీణించిందని చదువుతాం. ఆ బాధ ఈనాటి దంపతులకు బాగా తెలుసు.

మన దగ్గర వెతకవలసిన క్రిమి వేరు

స్పెయిన్, డెన్మార్క్ దేశాల్లో ప్రశ్న లాక్టోబాసిల్లస్ గురించి. మన దేశంలో అంతకంటే ముందుగా అడగవలసిన ప్రశ్న టీబీ గురించి. ప్రపంచంలోని టీబీ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మంది మన దేశంలోనే ఉన్నారు. టీబీ అంటే దగ్గు, కఫం అనుకుంటాం. కాని ఈ క్రిమి ఊపిరితిత్తుల నుంచి రక్తంలో ప్రయాణించి స్త్రీ జననాంగాలకు చేరగలదు. ఎన్నో ఏళ్ల కిందట, బాల్యంలోనో యవ్వనంలోనో ప్రవేశించిన క్రిమి అక్కడ నిద్రాణంగా ఉండి తర్వాత మేల్కోవచ్చు.

అది దాదాపు ఎప్పుడూ ముందుగా పట్టేది అండవాహికలను, అంటే అండం గర్భసంచికి చేరే సన్నని గొట్టాలను. వాటిలో మచ్చలు పడి మూసుకుపోతాయి. చాలామందిలో అది గర్భసంచి లోపలి పొరకు కూడా పాకుతుంది. ఆ పొర పలచబడి, గోడలు ఒకదానికొకటి అతుక్కుపోవచ్చు. ఐవీఎఫ్ మూసుకుపోయిన గొట్టాలను దాటించగలదు. పాడైన పొరను మాత్రం దాటించలేదు. పిండం ఎంత మంచిదైనా దానికి నేల కావాలి కదా. అందుకే కొందరికి రెండు మూడు సార్లు ఐవీఎఫ్ చేసినా ఫలితం రాదు. అంతేకాదు, లోపల టీబీ ఉందని తెలియకుండా గర్భం దాలిస్తే, అరుదుగానైనా తల్లికి జబ్బు ముదిరి బిడ్డకు కూడా సోకే ప్రమాదం ఉంది.

కష్టమేమిటంటే ఈ టీబీ చాలామందిలో పైకి కనబడదు. దగ్గు ఉండదు, ఛాతీ ఎక్స్‌రే కూడా మామూలుగానే ఉండవచ్చు. నెలసరి తగ్గిపోవడం, ఆగిపోవడం, పొత్తికడుపులో నొప్పి, సాయంత్రం పూట సన్నని జ్వరం, బరువు తగ్గడం కొందరిలో కనిపిస్తాయి. ఇంట్లో ఎప్పుడైనా ఎవరికైనా టీబీ వచ్చి ఉంటే ఆ మాట వైద్యునికి తప్పక చెప్పాలి. పెళ్లి సంబంధాలు చెడతాయన్న భయంతో దాచిన ఆ ఒక్క మాట తర్వాత ఎంతో నష్టం చేస్తుంది. గర్భసంచి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం, అవసరమైతే లాపరోస్కోపీ చేసి చూడడం ద్వారా నిర్ధారిస్తారు. ఒక్క పరీక్షలో ఏదో ఆనవాలు కనిపించిందని వెంటనే మందులు మొదలుపెట్టడమూ సరికాదు. అన్నీ కలిపి చూసి అనుభవమున్న వైద్యులే తేల్చాలి.

తేలితే మందు ఉంది. సాధారణంగా ఆరు నెలలు వాడాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీబీ మందులు ఉచితం. పోషకాహారం కోసం నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుంచి 1000 రూపాయలు చేశారు. ముందుగా కనిపెడితే గర్భసంచి పొరను కాపాడుకోవచ్చు. ఆలస్యమైతే క్రిమి చచ్చినా అది మిగిల్చిన మచ్చలు పోవు. అందుకే ఈ విషయంలో కాలం విలువైనది.

టీబీ తర్వాత చెప్పుకోవలసింది క్లమీడియా. ఇది దాంపత్య సంబంధం ద్వారా ఒకరి నుంచి మరొకరికి సోకుతుంది. స్త్రీలలో ఎక్కువమందికి ఏ లక్షణమూ ఉండదు. నిశ్శబ్దంగా అండవాహికలను పాడుచేస్తుంది. గొట్టం చివర మూసుకుపోయి నీరు నిండితే ఆ నీరు గర్భసంచిలోకి జారి పిండాన్ని నిలవనివ్వదు. అలాంటి గొట్టాన్ని ఐవీఎఫ్‌కు ముందే తొలగించడమో, మూసివేయడమో చేస్తే ఫలితం మెరుగవుతుందని బాగా రుజువైంది. క్లమీడియాకు మందు భార్యాభర్తలిద్దరూ కలిసి వాడాలి. ఒక్కరే వాడితే అది మళ్లీ తిరిగి వస్తుంది. ఇక శుభ్రత లేని ప్రసవం, అరకొర గర్భస్రావం తర్వాత వచ్చే ఇన్‌ఫెక్షన్ వల్ల, మొదటి బిడ్డ పుట్టాక రెండో కాన్పు రానివారూ ఉన్నారు.

మౌనం చేసిన నష్టం

ఇవన్నీ మందులున్న జబ్బులే. మరి ఎందుకు ముదురుతున్నాయి? నోరు విప్పలేకపోవడం వల్ల. మన పొరుగున మహారాష్ట్రలోని గడ్చిరోలిలో డాక్టర్ రాణీ బంగ్, డాక్టర్ అభయ్ బంగ్ దంపతులు రెండు పల్లెల్లో 650 మంది స్త్రీలను పరీక్షించి 1989లో ఫలితాలు ప్రకటించారు. వారిలో 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ సంబంధమైన జబ్బు ఉంది. అంతకుముందు ఎప్పుడైనా వైద్యపరీక్ష చేయించుకున్నవారు 8 శాతమే. ఆ అంకెలు చూసి ప్రపంచ వైద్యలోకం ఆశ్చర్యపోయింది. ఆ పల్లెల స్త్రీలు మాత్రం ఆశ్చర్యపడలేదు. వారికది దినదిన జీవితం.

మన దగ్గర ఈ మౌనం ఇంకో రూపం తీసుకుంది. తెల్లబట్ట అవుతోందనీ, నడుము నొప్పి అనీ వెళ్లిన స్త్రీలకు గర్భసంచి తీసేయడమే మందు అని చెప్పిన సందర్భాలు తెలుగు పల్లెల్లో కోకొల్లలు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం. తెలంగాణలో 7.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. హైదరాబాదు వైద్యులు ఎస్.వి. కామేశ్వరి, వింజమూరి ప్రకాశ్ మెదక్ జిల్లా పల్లెల్లో తిరిగి ఈ విషయాన్ని వెలుగులోకి తెచ్చారు. 2016 వరకు జహీరాబాద్ కూడా ఆ జిల్లాలోనిదే. ఒక చిన్న ఇన్‌ఫెక్షన్‌కు వారం రోజుల మందు సరిపోయే చోట గర్భసంచినే పోగొట్టుకున్న మన అక్కచెల్లెళ్లు మన మధ్యనే, మన బల్లల మీదే కూర్చుని ఉన్నారు.

దంపతులు చేయవలసినవి

పెళ్లయి కలిసి కాపురం చేస్తూ ఏడాది గడిచినా గర్భం రాకపోతే వైద్యులను కలవాలి. భార్య వయస్సు 35 దాటితే ఆరు నెలలకే వెళ్లాలి. మొదటి రోజే ఇద్దరూ కలిసి వెళ్లాలి. సంతానలేమి ఉన్న జంటల్లో దాదాపు సగం సందర్భాల్లో పురుషునిలోనూ లోపం ఉంటుంది. వీర్య పరీక్ష సులువైనది, చవకైనది. అది చేయించకుండా భార్యను పదిచోట్లకు తిప్పడం అన్యాయం.

తెల్లబట్టకు రంగు మారినా, దుర్వాసన వచ్చినా, దురద, నొప్పి ఉన్నా మెడికల్ షాపులోనో, ఆర్‌ఎంపీ దగ్గరో మాత్రలు కొని మింగవద్దు. అవసరం లేని యాంటీబయాటిక్ మంచి బాక్టీరియాను కూడా చంపుతుంది. జహీరాబాద్ ఏరియా ఆసుపత్రికి వెళ్లి చూపించుకోవచ్చు. సబ్బుతోనూ, క్రిమిసంహారక ద్రావణాలతోనూ యోని లోపల కడగడం శుభ్రత కాదు, అది కాపలావాణ్ని తరిమేయడమే. పైన మామూలు నీళ్లతో కడిగితే చాలు. పెరుగు తినడం ఒంటికి మంచిదే గాని, లోపల పూయడం తగదు. నెలసరి గుడ్డలు వాడేవారు వాటిని చీకటి మూలల్లో దాచకుండా ఎండలో బాగా ఆరబెట్టాలి.

ఐవీఎఫ్ దాకా వెళ్లవలసివస్తే, ఆ కేంద్రానికి 2021 నాటి ఏఆర్‌టీ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడిగి చూడండి. ఆ చట్టం ప్రకారం స్త్రీ వయస్సు 21 నుంచి 50, పురుషుని వయస్సు 21 నుంచి 55 లోపు ఉండాలి. బిడ్డ గ్యారంటీ అని మాట ఇచ్చేవారిని నమ్మవద్దు. ప్రైవేటు ఖర్చు భరించలేనివారు ప్రభుత్వ దారి కూడా కనుక్కోవాలి. సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో 2023 అక్టోబరులో ప్రభుత్వం సంతాన సాఫల్య కేంద్రాన్ని ప్రారంభించింది. మొదటిసారి పిండం నిలవకపోతే రెండోసారికి అప్పు చేసే ముందు ఈ ప్రశ్నలు అడగండి: గర్భసంచి పొరలో దీర్ఘకాలపు వాపు ఉందా? టీబీ చూశారా? గొట్టాల్లో నీరు ఉందా? నా భర్తకు ఏ పరీక్షలు చేశారు?

సంఘం చేయవలసినది

1 సమూయేలు మొదటి అధ్యాయంలో హన్నా మందిరంలో మూగగా ప్రార్థిస్తుంటే, యాజకుడైన ఏలీ ఆమె పెదవులు మాత్రమే చూసి తాగి ఉందనుకున్నాడు. తెలియక మాట అనేశాడు. అయితే ఆమె తన మనోవేదన చెప్పగానే మాట మార్చుకుని, ఆమెను సమాధానంతో పంపాడు. సంఘ పెద్దలకు ఇది ఇంకా చదువుకోవలసిన పాఠం. కారణం తెలియకముందే తీర్పు చెప్పకూడదు. తెలిసిన తర్వాతైనా మాట మార్చుకోవాలి.

2 రాజులు రెండో అధ్యాయం చివర ఎలీషా యెరికోకు వచ్చినప్పటి సంగతి ఉంది. ఊరు ఉన్న చోటు బాగుంది, నీళ్లే మంచివి కావు, నేల నిస్సారంగా ఉంది అని ఊరివారు చెప్పుకున్నారు. నిస్సారమని మనం చదివే ఆ మాటకు హీబ్రూ మూలంలో గర్భం నిలవనివ్వనిదన్న అర్థం కూడా ఉంది. ఎలీషా ఆ ఊరి స్త్రీలను వరుసగా నిలబెట్టి ఎవరి పాపమిది అని అడగలేదు. నీటి ఊట దగ్గరికి నడిచాడు. దోషం ఉన్నచోటనే బాగు చేశాడు.

మన స్త్రీల సమాజం కూటాల్లో నెలకోసారి ఒక నర్సమ్మనో, ఆశా కార్యకర్తనో పిలిచి ఈ సంగతులు మాట్లాడించవచ్చు. యవ్వనస్థుల వివాహ సలహా తరగతుల్లో టీబీ గురించి, భార్యాభర్తలిద్దరి పరీక్షల గురించి ఒక గంట కేటాయించవచ్చు. ఆసుపత్రికి వెళ్లే జంటకు తోడుగా ఒక పెద్దమనిషి వెళ్లవచ్చు, బస్సు చార్జీలు సంఘం పెట్టుకోవచ్చు. అన్ని చికిత్సలూ చేయించుకున్నా బిడ్డలు కలగనివారు ఉంటారు. వారు సంఘంలో తక్కువవారు కారు. దత్తత తీసుకునేవారికీ, ఇద్దరుగానే జీవించేవారికీ మన పంక్తిలో అదే గౌరవం దక్కాలి.

వచ్చే ఆదివారం చీటీల్లో ఆ మాట మళ్లీ కనిపిస్తుంది. దాని కోసం మోకరించుదాం. లేచిన తర్వాత, "పరీక్షలకు ఇద్దరూ కలిసే వెళ్లారా? టీబీ చూపించారా?" అని ఆ దంపతులను ఏకాంతంగా, ప్రేమతో అడుగుదాం. గుడి మెట్ల మీద వేసే ఆ పాత ప్రశ్నను మాత్రం ఇక మానేద్దాం.